దూరలోకాల చిత్రాలు: కెమెరా నుండి పాఠ్యపుస్తకం వరకు

వ్యాససంగ్రహం

వ్యోమనౌకలు పంపే గ్రహచిత్రాలను మనం సాధారణంగా ఛాయాచిత్రాలుగానే భావిస్తాం. వాస్తవానికి అవి కాంతిని సంఖ్యలుగా మార్చి, రేడియో సంకేతాలుగా పంపి, భూమి మీద దోషాలను తొలగించి సిద్ధం చేసిన పరిష్కృత ప్రతులు. చిత్రం రూపొందే ఈ దశలను మెరైనర్-4, వోయేజర్, న్యూ హొరైజన్స్, చంద్రయాన్ తదితర యాత్రల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రాచీన గ్రంథాల పాఠపరిష్కరణకూ ఈ ప్రక్రియకూ ఉన్న పోలికను, ఆ పోలిక హద్దులను కూడా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చిత్రాన్ని దాని వివరణ నుండి వేరుచేసినప్పుడు విజ్ఞానబోధనలో కలిగే నష్టాన్ని నెప్ట్యూన్ రంగు ఉదాహరణగా చర్చిస్తుంది.

కీలకపదాలు: వ్యోమనౌక, కెమెరా, పిక్సెల్, సి.సి.డి., న్యూ హొరైజన్స్, వోయేజర్, చంద్రయాన్, నెప్ట్యూన్, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

సౌరకుటుంబాన్ని పరిచయం చేసే చాలా పుస్తకాల్లో నెప్ట్యూన్ గ్రహం ముదురు నీలంరంగులో కనిపిస్తుంది. దాని పక్కన ఉన్న యురేనస్ మాత్రం ఆకుపచ్చ కలిసిన లేతనీలంలో ఉంటుంది. ఈ రంగులభేదాన్ని ఆధారం చేసుకొనే విద్యార్థులు ఆ రెండు గ్రహాలనూ గుర్తుపడతారు. అయితే 2024 జనవరిలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రిక్ ఇర్విన్, ఆయన సహపరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ భేదం చాలా స్వల్పమని నిరూపించింది. హబుల్ టెలిస్కోపు, చిలీ దేశంలోని వెరీ లార్జ్ టెలిస్కోపు సేకరించిన వర్ణపటాలతో వారు పాత చిత్రాలను సరిపోల్చారు. రెండు గ్రహాలూ దాదాపు ఒకే లేత ఆకుపచ్చ-నీలం ఛాయలో ఉన్నాయని, నెప్ట్యూన్‌లో నీలం కొద్దిగా మాత్రమే ఎక్కువని తేల్చారు.

అయితే 1989లో నెప్ట్యూన్‌ను చిత్రీకరించిన వోయేజర్-2 కెమెరా తప్పు చేసిందా? లేదు. మేఘాలు, పట్టీలు స్పష్టంగా కనబడడం కోసం ఆనాటి శాస్త్రజ్ఞులు చిత్రంలోని వర్ణభేదాలను పెంచారు. అలా పెంచినట్లు చిత్రాల కింద రాశారు కూడా. కాలక్రమంలో చిత్రం పుస్తకం నుండి పుస్తకానికి ప్రయాణించింది. వివరణ మాత్రం వెనుకబడిపోయింది. పీఠిక చిరిగిపోయిన గ్రంథాన్ని మూలమని నమ్మి చదివినప్పుడు జరిగే పొరపాటు ఇక్కడ జరిగింది.

కాబట్టి దూరలోకాల చిత్రం అంటే ఏమిటో, అది ఎలా తయారవుతుందో తెలియడం భౌతికశాస్త్ర అధ్యాపకులకే పరిమితమైన అవసరం కాదు. ఆ చిత్రాలను పాఠ్యపుస్తకాల్లో, వ్యాసాల్లో, తరగతి గదుల్లో వాడే ప్రతివారికీ అది అవసరమే.

2. తొలి చిత్రాలు: ఫిల్ము నుండి అంకెలకు

మానవుడు చంద్రుని అవతలి ముఖాన్ని తొలిసారి చూసింది 1959 అక్టోబరులో. సోవియట్ వ్యోమనౌక లూనా-3 ఆ చిత్రాలను ఫిల్ము మీద తీసింది. ఫిల్మును కడగడం, స్థిరపరచడం, ఆరబెట్టడం అనే పనులన్నీ నౌకలోనే యంత్రసహాయంతో జరిగాయి. తరువాత ఒక సన్నని కాంతిపుంజం ఆ ఫిల్మును గీతలు గీతలుగా తడిమింది. ఫిల్ము గుండా దూసుకువచ్చిన కాంతి హెచ్చుతగ్గులు రేడియో సంకేతాలుగా మారి భూమికి చేరాయి. చిత్రాన్ని చిత్రంగా కాక, వరుసగా చదివే సంకేతంగా పంపడం అన్న ప్రాథమికసూత్రం ఇక్కడే ఉంది.

1965 జూలైలో అమెరికా నౌక మెరైనర్-4 అంగారకుణ్ణి దాటిపోతూ 22 చిత్రాలు తీసింది. వాటిలో చివరిది అసంపూర్ణం. ఒక్కొక్క చిత్రంలో 200 వరుసలు, వరుసకు 200 చుక్కలు. ప్రతి చుక్కలోని వెలుగును 64 స్థాయిల్లో ఒకటిగా లెక్కించారు. అందుకు చుక్కకు 6 బిట్లు కావాలి. అంటే చిత్రానికి 2,40,000 బిట్లు. నౌక సెకనుకు ఎనిమిది బిట్లకు కాస్త ఎక్కువగా మాత్రమే పంపగలిగింది. ఒక చిత్రం రావడానికి దాదాపు 8 గంటలు పట్టింది.

మొదటి చిత్రాన్ని కంప్యూటరు సిద్ధం చేసేదాకా ఆగలేక, జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలోని ఇంజనీర్లు ఆ అంకెలను కాగితపు పట్టీల మీద అచ్చువేసుకున్నారు. పట్టీలను పక్కపక్కన అతికించి, ఏ అంకెకు ఏ రంగో నిర్ణయించుకొని, రంగు సుద్దలతో చేతితో నింపారు. అలా ఒక అన్యగ్రహాన్ని దగ్గరగా చూపిన ఆ తొలి డిజిటల్ చిత్రం మనుషుల చేతిరాతలో వెలువడింది. ఈ ఘటనను కేవలం ఒక ముచ్చటగా చూడనక్కర్లేదు. వ్యోమనౌక పంపేది అంకెల పట్టిక మాత్రమేననీ, దానికి రంగూ రూపమూ ఇచ్చే నిర్ణయాలు భూమి మీద జరుగుతాయనీ ఆ సుద్దబొమ్మ మనకు స్పష్టంగా చెబుతుంది.

3. కాంతి సంఖ్యగా మారే తీరు

1970వ దశకపు వోయేజర్ నౌకల్లో విడికాన్ అనే టెలివిజన్ గొట్టాలు ఉండేవి. లెన్సుల ద్వారా వచ్చిన కాంతి ఒక పలక మీద విద్యుదావేశపు హెచ్చుతగ్గులుగా నిలుస్తుంది. ఎలక్ట్రాన్ పుంజం దానిని 800 వరుసల్లో చదువుతుంది. ఈ చదువులో గీతలు కొంచెం వంకరపోయే అవకాశం ఉంది. అందుకే పలక మీద ముందుగానే కొలిచిన స్థానాల్లో చిన్న నల్లచుక్కలు ముద్రించి ఉంచారు. చిత్రంలో ఆ చుక్కలు ఎటు జరిగాయో చూసి వంకరను సరిచేయవచ్చు. వోయేజర్ ముడిచిత్రాల మీద క్రమంగా కనిపించే చుక్కలు ఇవే.

తరువాతి నౌకల్లో విడికాన్ స్థానాన్ని సి.సి.డి. ఆక్రమించింది. 1969లో బెల్ లేబొరేటరీస్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ దీనిని రూపొందించారు. అందుకు వారికి 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. సి.సి.డి. అంటే గళ్లుగళ్లుగా విభజించిన సిలికాన్ పలక. ప్రతి గడీ ఒక పిక్సెల్. గడిలో పడిన కాంతికణాలు ఎలక్ట్రాన్లను విడిపిస్తాయి. కాంతి ఎక్కువైతే ఎలక్ట్రాన్లూ ఎక్కువే. ఎక్స్‌పోజర్ ముగియగానే ఈ ఆవేశాలు ఒక గడి నుండి పక్క గడికి చేతులు మారుతూ అంచుకు చేరతాయి. ఇంటికి స్లాబు వేసేటప్పుడు కూలీలు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలను అందించుకోవడం వంటిదే ఈ ఏర్పాటు. అంచున ఉన్న పరికరం ప్రతి తట్టనూ తూచి ఒక సంఖ్య వేస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. సి.సి.డి. కాంతి పరిమాణాన్ని కొలుస్తుందేగాని, దాని రంగును గుర్తించదు. రంగు కావాలంటే కాంతిమార్గంలో వేర్వేరు ఫిల్టర్లు ఉంచి, ఒకే దృశ్యాన్ని అనేకసార్లు చిత్రించాలి. లేదా ప్రతి గడి ముందు ఒక చిన్న ఫిల్టరు అమర్చాలి. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన భారతదేశపు మంగళయాన్‌లోని రంగుల కెమెరా రెండవ పద్ధతిని అనుసరించింది. వోయేజర్ మొదటి పద్ధతిని అనుసరించింది.

4. దూరం, కదలిక

కెమెరా ఎంత చిన్న వివరాన్ని విడదీసి చూపగలదన్నది దర్పణం వెడల్పు మీద, దూరం మీద ఆధారపడుతుంది. ప్లూటోను చిత్రించిన న్యూ హొరైజన్స్ నౌకలోని లోరీ కెమెరా దర్పణం వెడల్పు 20.8 సెం.మీ. మాత్రమే. దాని ఒక పిక్సెల్ 1,000 కి.మీ. దూరంలో సుమారు 5 మీటర్ల వెడల్పును చూపుతుంది. హైదరాబాదు నుండి ఢిల్లీకి సరళరేఖలో దాదాపు 1,250 కి.మీ. దూరం. అంత దూరంలోని బస్సు ఈ కెమెరాకు రెండు చుక్కలుగా కనిపిస్తుందన్నమాట.

ఇంతటి కెమెరా అయినా భూమి దగ్గర నిలబడి చూస్తే 2,377 కి.మీ. వ్యాసం ఉన్న ప్లూటో ఒక చుక్కలో పదోవంతు కూడా నిండదు. 1930లో ప్లూటోను కనుగొన్నప్పటి నుండి హబుల్ కాలం వరకు అది కొన్ని చుక్కల మసకమచ్చగానే మిగలడానికి కారణం ఈ దూరమే. 2015 జూలై 14న న్యూ హొరైజన్స్ ప్లూటో ఉపరితలానికి సుమారు 12,500 కి.మీ. దూరంలోకి చేరింది. అప్పుడు లోరీ తీసిన చిత్రాల్లో అత్యుత్తమమైనవి ఒక్కొక్క చుక్కకు సుమారు 80 మీటర్ల వివరాన్ని చూపాయి. నీటిమంచు పర్వతాలు, నత్రజని మంచుతో నిండిన స్పుత్నిక్ మైదానం బయటపడ్డాయి. వివరాన్ని సంపాదించింది కెమెరా పరిమాణం కన్న తొమ్మిదిన్నర సంవత్సరాల ప్రయాణమే.

దగ్గరికి వెళ్లడం మరో చిక్కును తెస్తుంది. ప్లూటో వద్ద సూర్యకాంతి భూమి దగ్గరి కాంతిలో దాదాపు వెయ్యోవంతు. కాబట్టి కాంతిని కొంతసేపు పోగుచేసుకోవాలి. అయితే నౌక వేగం సెకనుకు దాదాపు 14 కి.మీ. సెకనులో పదోవంతు కాలంలోనే అది 1.4 కి.మీ. ముందుకు పోతుంది. ఆ సమయంలో కెమెరా కదలకుండా ఉంటే చిత్రం గీతలుగా అలుక్కుపోతుంది. దీనికి విరుగుడు, దృశ్యం జరిగే వేగానికి సరిపోయేలా నౌకనే మెల్లగా తిప్పడం. 1981లో శనిగ్రహం వద్ద వోయేజర్-2 కెమెరాల వేదిక కొంతకాలం బిగుసుకుపోయింది. 1986లో యురేనస్‌ను చేరేనాటికి ఇంజనీర్లు మొత్తం నౌకను లక్ష్యంతోపాటు తిప్పే పద్ధతిని ఆ నౌకకు దూరం నుండే నేర్పారు. న్యూ హొరైజన్స్‌లో కదిలే వేదికే లేదు. నౌక మొత్తం తిరగాలి. దాని యాంటెన్నా కూడా నౌకకే బిగించి ఉంది. ప్లూటో వైపు చూస్తున్నంతసేపు భూమితో మాట్లాడలేదు. సంకేతం ఒకవైపు చేరడానికే నాలుగున్నర గంటలు పడుతుంది కనుక ఆజ్ఞలన్నీ ముందుగానే నౌకలో భద్రపరిచారు.

గ్రహం చుట్టూ తిరిగే నౌకలు ఇదే సమస్యను మరోవిధంగా పరిష్కరించుకుంటాయి. 2006 నుండి అంగారక కక్ష్యలో ఉన్న మార్స్ రికనైజాన్స్ ఆర్బిటర్ సుమారు 300 కి.మీ. ఎత్తునుండి నేలను చూస్తుంది. దానిలోని హైరైజ్ కెమెరా చుక్కకు 30 సెం.మీ. వరకు వివరాన్ని ఇస్తుంది. నౌక వేగానికి నేలమీద ఒక గీత దాని ముందు నిలిచే కాలం సెకనులో పదివేలవంతు. ఆ కొద్దికాలంలో చాలినంత కాంతి దొరకదు. అందువల్ల నేల జరిగే వేగంతోనే సి.సి.డి.లోని ఆవేశాలను ఒక వరుస నుండి తరువాతి వరుసకు జరుపుతారు. ఒకే గీతను 128 వరుసల వరకు వెంటవెంటనే చూసి, ఆ కాంతినంతా ఒకచోట కూడుతారు.

2019 జూలై 22న శ్రీహరికోట నుండి వెళ్లిన చంద్రయాన్-2లోని అధిక స్పష్టత కెమెరాది కూడా ఇదే పద్ధతి. 100 కి.మీ. ఎత్తునుండి అది దాదాపు పావుమీటరు వివరాన్ని చూపుతుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోటును ఎంపిక చేయడంలో ఈ కెమెరా చిత్రాలు తోడ్పడ్డాయి. అంతకుముందు 2008లో వెళ్లిన చంద్రయాన్-1 కెమెరా ఒకే ప్రదేశాన్ని ముందునుండి, నిట్టనిలువుగా, వెనుకనుండి మూడు కోణాల్లో చూసింది. మన రెండు కళ్లు లోతును గ్రహించినట్లు, ఆ కోణాల తేడానుండి గుంటల లోతు, గుట్టల ఎత్తు లెక్కించవచ్చు. దిగబోయే నౌకకు ఒక నీడను గుంటగా పొరబడడం, ఒక బండను గమనించకపోవడం ప్రాణాంతకమే.

5. సంకేత ప్రయాణం: దోషాలు, వాటి విరుగుడు

లోరీ చిత్రం ఒకదానిలో 1,024 వరుసలు, వరుసకు 1,024 చుక్కలు, చుక్కకు 12 బిట్లు ఉంటాయి. మొత్తం దాదాపు 1.26 కోట్ల బిట్లు. ప్లూటో నుండి సెకనుకు 2,000 బిట్లు పంపినా, కుదించని చిత్రం రావడానికి గంటా ముప్పావు పడుతుంది. అందుకే కొన్ని గంటల్లో సేకరించిన సమాచారం పూర్తిగా భూమికి చేరేసరికి 2016 అక్టోబరు వచ్చింది. అంటే పదిహేను నెలల నిరీక్షణ.

ఇంత దూరం వచ్చే బలహీన సంకేతంలో బిట్లు తారుమారయ్యే ప్రమాదం ఉంది. దానిని ఎలా గుర్తించాలి? మన ఛందస్సు ఈ ప్రశ్నకు మంచి పోలిక ఇస్తుంది. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు నియతగణాల్లో ఉండాలి. పదో అక్షరం యతిస్థానం, రెండవది ప్రాసస్థానం. లేఖకుడు ఒక అక్షరం వదిలేస్తే గణభంగం వెంటనే తెలుస్తుంది. యతిప్రాసలు ఆ లోపం ఎక్కడో, అక్కడ ఏ అక్షరం ఉండదగునో సూచిస్తాయి. అర్థానికి అవసరమైన దానికన్న అదనంగా ఉన్న నియమమే పాఠానికి రక్షణ అవుతుంది.

వోయేజర్ నౌకలు యురేనస్ యాత్రనాటికి ఉపయోగించిన రీడ్-సాలమన్ సంకేతపద్ధతి ఈ సూత్రం మీదే నడుస్తుంది. 223 సంఖ్యల సమాచారానికి గణితనియమం ప్రకారం 32 పరీక్షాసంఖ్యలు చేరుస్తారు. వచ్చిన 255 సంఖ్యల్లో 16 వరకు తప్పిపోయినా, ఏవి తప్పో, వాటి అసలువిలువ ఏమిటో గణితంగా తేల్చవచ్చు. పద్యంలో పరిష్కర్త ఊహకు కొంత తావుంటుంది. ఇక్కడ ఊహకు తావులేదు. లోపాలు హద్దుదాటితే ఆ భాగం పోయినట్లుగానే గుర్తిస్తారు.

పోయిన భాగాన్ని పాఠంగా పొరబడితే ఏమవుతుందో 1976 జూలై 25న వైకింగ్-1 తీసిన ఒక చిత్రం చూపింది. అంగారకుని సైడోనియా ప్రాంతంలోని ఒక గుట్ట మనిషిముఖంలా కనిపించింది. సూర్యుడు ఏటవాలుగా ఉండి నీడలు పొడవుగా పడ్డాయి. సంకేతలోపం వల్ల ఏర్పడిన నల్లచుక్కల్లో ఒకటి సరిగ్గా ముక్కురంధ్రం ఉండవలసిన చోట పడింది. నీడల వల్లే ముఖంలా కనిపిస్తోందని నాసా మొదటిరోజుల్లోనే చెప్పినా, ఆ ముఖం మీద దశాబ్దాలపాటు కథలు నడిచాయి. మార్స్ గ్లోబల్ సర్వేయర్ 1998లోనూ, మరింత స్పష్టంగా 2001లోనూ తీసిన చిత్రాల్లో అది సహజంగా కోసుకుపోయిన గుట్టగా తేలింది. పాఠపరిష్కర్తల భాషలో చెప్పాలంటే, గ్రంథపాతాన్నే అక్షరంగా చదవడం ఇది.

6. భూమి మీద పరిష్కరణ

అంకెలు చేరిన తరువాత అసలు పరిష్కరణ మొదలవుతుంది. కాంతి పడకపోయినా సి.సి.డి. కొంత విలువ చూపుతుంది. దానిని తీసివేయాలి. అన్ని గడుల సున్నితత్వం ఒకేలా ఉండదు. ప్రయోగానికి ముందు సమానమైన వెలుగును చూపించి ఏ గడి ఎంత చూపుతుందో నమోదు చేస్తారు. ఆ నమోదుతో చిత్రాన్ని సరిచేస్తారు. విశ్వకిరణాలు తాకిన చోట్ల వెలిగే చుక్కలను తొలగించాలి. లోరీ కెమెరాకు మూతపడే షట్టర్ లేదు. ఆవేశాలు జరుగుతున్నప్పుడు కూడా కాంతి పడుతూనే ఉంటుంది. దానివల్ల చిత్రంలో నిలువుచారలు ఏర్పడతాయి. వాటిని లెక్కకట్టి తీసివేస్తారు.

నక్షత్రం వాస్తవంగా ఒక బిందువు. కెమెరా దానిని కొద్దిగా అలుక్కుపోయిన మచ్చగా చూపుతుంది. ఆ మచ్చ ఆకారం తెలిస్తే కెమెరా స్వభావదోషం తెలిసినట్లే. దాని ఆధారంగా గ్రహచిత్రంలోని మసకను కొంతవరకు తగ్గించవచ్చు. ఒక లేఖకుడు ఏ అక్షరాలను తరచు తారుమారు చేస్తాడో తెలిసిన పరిష్కర్త ఆ ప్రతిని సులభంగా సరిచేయగలగడం వంటిదే ఇది.

ఒకే దృశ్యానికి అనేక చిత్రాలుంటే వాటిని కలిపి చూస్తారు. ఒక్కొక్కదానిలోని యాదృచ్ఛిక దోషాలు పరస్పరం తగ్గిపోతాయి. అన్నింటిలో ఉన్న వివరం నిలుస్తుంది. సి.పి. బ్రౌన్ ఒక కావ్యానికి పలుచోట్ల నుండి ప్రతులు తెప్పించి, పండితులచేత సరిపోల్చి చూపించి శుద్ధప్రతులు సిద్ధం చేయించడం మనకు తెలిసినదే. ఒక ప్రతిలోని లేఖకదోషం మరో ప్రతిలో ఉండే అవకాశం తక్కువ అన్న విశ్వాసమే రెండు పద్ధతులకూ ఆధారం.

కొత్త ప్రతి దొరికితే పాత నిర్ణయం మారక తప్పదు. 2019 జనవరి 1న న్యూ హొరైజన్స్ ప్లూటోకు ఆవల ఆరొకోత్ అనే చిన్న పిండాన్ని దాటింది. ఎదురుగా వెళ్తూ తీసిన చిత్రాల్లో అది రెండు మంచుగోళాలు అతుక్కున్నట్లు కనిపించింది. దాటిన తరువాత వెనుదిరిగి తీసిన చిత్రాల్లో ఆ పిండం అడ్డుపడి కొన్ని నక్షత్రాలు మాయమయ్యాయి. ఏ నక్షత్రం కనబడుతోందో, ఏది మరుగైందో గుర్తించగా, ఆ భాగాలు గోళాలు కావని, చదునుగా ఉన్నాయని తేలింది. శాస్త్రజ్ఞులు తమ తొలి ఆకృతిని ఫిబ్రవరిలో బహిరంగంగా సవరించుకున్నారు.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. కవి రాసిన మూలప్రతి ఒకప్పుడు ఉండేది. గ్రహచిత్రానికి అటువంటి మూలచిత్రం లేదు. అక్కడ ఉన్నది గ్రహం, ఇక్కడ చేరినవి అంకెలు. కాబట్టి చిత్రపరిష్కర్త బాధ్యత మరింత ఎక్కువ. ముడిఅంకెలను యథాతథంగా భద్రపరచడం, చేసిన ప్రతి మార్పునూ నమోదు చేయడం అతని ధర్మం. పరిష్కరణకూ కల్పనకూ మధ్య గీత గీసేది ఈ నమోదే.

7. రంగు విషయంలో మెలకువ

రంగు దగ్గరకు వచ్చేసరికి పరిష్కర్త నిర్ణయాలు మరింత స్పష్టంగా బయటపడతాయి. 1976లో వైకింగ్-1 అంగారకుని నేలమీద నుండి పంపిన మొదటి రంగుల చిత్రాన్ని తొలుత నీలాకాశంతో విడుదల చేశారు. నౌక మీద అమర్చిన రంగుల పలకతో సరిపోల్చి చూసి, అక్కడి ఆకాశం ధూళివల్ల గులాబీఛాయలో ఉందని వెంటనే సవరించారు. ఆకాశం నీలంగా ఉండాలన్న భూలోకపు అలవాటు కంటె కొలిచిన ప్రమాణానికి విలువనివ్వడమే ఆ సవరణలోని సారం.

శుక్రగ్రహపు నారింజరంగు భూతలచిత్రాలు మరో రకం. 1990లలో మెజెల్లాన్ నౌక దట్టమైన మేఘాల గుండా రాడార్ తరంగాలు పంపి ఆ ఉపరితలాన్ని పటం కట్టింది. రాడార్‌కు రంగు ఉండదు. గరుకునేల తెల్లగా, నునుపైన నేల నల్లగా కనిపిస్తాయి. 1982లో సోవియట్ నౌకలు వెనెరా-13, వెనెరా-14 నేలమీద దిగి తీసిన రంగుల చిత్రాలను ఆధారం చేసుకొని ఆ నారింజఛాయను తరువాత చేర్చారు. చేర్చినట్లు చెప్పారు కూడా.

నెప్ట్యూన్ విషయంలో జరిగింది వీటికి భిన్నం. అక్కడ నిర్ణయమూ సరైనదే, ప్రకటనా జరిగింది. ప్రకటన చిత్రంతోపాటు ప్రయాణించలేదు. శాస్త్రజ్ఞులకు మేఘాల కదలిక చూపడం కోసం చేసిన చిత్రం విద్యార్థికి గ్రహం రంగు చెప్పే చిత్రంగా మారింది. ఒక ప్రయోజనం కోసం సిద్ధం చేసిన ప్రతిని మరో ప్రయోజనానికి వాడితే శుద్ధప్రతి కూడా అపపాఠం అవుతుంది.

8. చిత్రాన్ని చదవడం

చిత్రం సిద్ధమైనంత మాత్రాన దానిలోని విషయం దానంతట అదే బయటపడదు. 1979 మార్చి 8న వోయేజర్-1 బృహస్పతిని దాటిపోయిన తరువాత, దారి నిర్ణయించుకోవడం కోసం వెనుదిరిగి అయో ఉపగ్రహాన్ని చిత్రించింది. వెనుకనున్న మసక నక్షత్రాలు కనబడాలి కనుక ఎక్స్‌పోజర్ ఎక్కువగా ఇచ్చారు. నౌకామార్గ విభాగంలో పనిచేస్తున్న లిండా మొరబిటో ఆ చిత్రాన్ని పరిశీలిస్తూ అయో అంచున గొడుగులాంటి వెలుగును గమనించారు. దానిని దోషంగా కొట్టిపారేయకుండా, ఒక్కొక్క కారణాన్నీ పరీక్షించి తొలగించగా, అది అగ్నిపర్వతం ఎగజిమ్మిన మేఘమని తేలింది. భూమికి వెలుపల జరుగుతున్న అగ్నిపర్వత విస్ఫోటనాన్ని గుర్తించడం అదే మొదటిసారి. అందం కోసం సిద్ధం చేసిన చిత్రాల్లో కనబడని విషయం దారి చూసుకోవడానికి తీసిన చిత్రంలో కనిపించింది. ముడిప్రతులను పారేయరాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ముడిచిత్రాలు అందరికీ అందుబాటులో ఉండడం వల్ల కలిగే ప్రయోజనానికి మన అనుభవంలోనే ఉదాహరణ ఉంది. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 దిగుడునౌక విక్రమ్ చంద్రునిపై కూలిపోయింది. అమెరికా నౌక లూనార్ రికనైజాన్స్ ఆర్బిటర్ ఆ ప్రాంతాన్ని చిత్రించగా నాసా ఆ చిత్రాలను విడుదల చేసింది. చెన్నైకి చెందిన ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్ కూలకముందు, కూలిన తరువాత తీసిన చిత్రాలను చుక్కచుక్కకూ పోల్చి, ఇంతకుముందు లేని ఒక తెల్లని చుక్కను గుర్తించారు. నాసా దానిని పరిశీలించి, అది విక్రమ్ శకలమేనని డిసెంబరులో ధ్రువీకరించి, గుర్తింపును ఆయనకు ఇచ్చింది. ఆయన చేసింది రెండు ప్రతుల పాఠభేదాన్ని పట్టుకోవడమే. ఇస్రో కూడా చంద్రయాన్ యాత్రల సమాచారాన్ని బెంగళూరు సమీపంలోని బ్యాలాలు కేంద్రం ద్వారా పరిశోధకులకు అందిస్తోంది. దానిని చదవడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. ఓపిక, పద్ధతి ఉంటే చాలు.

9. ఉపసంహారం

దూరలోకపు చిత్రం ఒక్క క్షణంలో పుట్టేది కాదు. కాంతి ఆవేశంగా, ఆవేశం సంఖ్యగా, సంఖ్య రేడియో సంకేతంగా, సంకేతం మళ్లీ చిత్రంగా మారే దీర్ఘప్రక్రియకు అది ఫలితం. ప్రతి దశలోనూ దోషానికి అవకాశం ఉంది. దానికి విరుగుడూ ఉంది. ఆ విరుగుళ్లన్నీ నమోదై ఉండడం వల్లనే దానిని నమ్మగలుగుతున్నాం.

కృత్రిమమేధతో క్షణాల్లో గ్రహచిత్రాలు సృష్టించగల ఈ కాలంలో, “ఇది నిజమైన చిత్రమేనా?” అని విద్యార్థి అడగడం సహజం. “సవరించిన చిత్రం కనుక నిజం కాదు” అన్న సమాధానం తప్పు. “కెమెరా తీసింది కనుక నిజమే” అన్నదీ చాలదు. ఏ అంకెల నుండి, ఏ మార్పులతో ఈ రూపం వచ్చిందో వెనక్కి వెళ్లి చూడగలమా అన్నదే సరైన ప్రశ్న. అలా వెళ్లగలిగితే అది పరిష్కరణ. వెళ్లలేకపోతే అది కల్పన కావచ్చు.

ఈ దృష్టితో పాఠ్యపుస్తక రచయితలు, అధ్యాపకులు గ్రహచిత్రం వాడేటప్పుడు కనీసం నాలుగు విషయాలు దాని కింద రాయడం అవసరం: ఏ నౌక ఎప్పుడు తీసింది, ఏ కాంతిలో లేదా తరంగంలో తీసింది, రంగు సహజమా పెంచినదా చేర్చినదా, ఒకే చిత్రమా అనేక చిత్రాల కూర్పా. ఇందుకు రెండు వాక్యాలు చాలు. ప్రతిని ముద్రించేటప్పుడు ఆధారప్రతుల వివరం ఇవ్వకపోవడం సాహిత్యపరిశోధనలో క్షమించరాని లోపంగా భావిస్తాం. ఆ నియమాన్నే ఆకాశపు ప్రతులకూ వర్తింపజేస్తే, రాబోయే తరం విద్యార్థులు నెప్ట్యూన్‌ను దాని అసలు లేతరంగులోనే గుర్తుపడతారు. ముదురునీలం ఎందుకు వచ్చిందో కూడా చెప్పగలుగుతారు.